జేమ్స్ వెబ్ ఒరిజినల్ డేటా దించుకుని ఇన్‌ఫ్రారెడ్ ఫోటో మన లాప్‌టాప్‌లోనే తయారు చేసుకోవడం ఎలా, మొత్తం ప్రాసెస్

వాట్సాప్‌లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ ఫోటో ఏది పెట్టినా ఎవరో ఒకరు అడుగుతారు, "ఆ రంగులు నిజంగా ఉన్నాయా, ఫోటోషాప్‌లో వేశారా?" అని. మాటల్లో ఎంత చెప్పినా ఇది తెగేది కాదు, ఎందుకంటే ఆ రంగులు మనుషులు కేటాయించినవే, కానీ ఊహించి వేసినవి కావు, రెండూ నిజమే. ఇది సరిగ్గా అర్థం కావాలంటే ఆ టెలిస్కోప్ పంపిన ఫైళ్లు మనమే దించుకుని ఒక్క ఫోటో చేసి చూడాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు, డేటా ఫ్రీ, సాఫ్ట్‌వేర్ ఫ్రీ, కాస్త మంచి ఇంటర్నెట్టూ 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాపూ ఉంటే ఒక ఆదివారం సరిపోతుంది.

ఒక మాట ముందే చెప్తున్నా. చివర్లో వచ్చే రంగు ఫోటో నాసా వాళ్లది అంత అందంగా రాదు, దాని గురించి బెంగ పెట్టుకోకండి. అసలు మజా మధ్యలో ఉంది, ఒక్కో ఫిల్టర్‌లో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు పక్కపక్కన పెట్టి "ఇందులో ఉన్నది అందులో ఎందుకు లేదు" అని చూస్తాం చూడండి, అక్కడ. ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ కొత్తగా ఏం చూపిస్తుందో అప్పుడే బుర్రకెక్కుతుంది.

ఫైళ్ల జోలికి వెళ్లే ముందు కాస్త ఫిజిక్స్

మన కన్ను సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వరకే చూడగలదు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెబ్‌లో ఉన్న నిర్‌క్యామ్ కెమెరా 0.6 నుంచి 5 మైక్రాన్ల దాకా, మిరి అనే పరికరం 5 నుంచి 28 దాకా చూస్తుంది. అంటే దాదాపు మొత్తం మన కంటికి ఆనని వెలుగే, కాబట్టి "ఉన్నది ఉన్నట్టు" రంగు అనే మాటకి ఇక్కడ అర్థమే లేదు.

ఇన్‌ఫ్రారెడ్డే, అంటే ఎరుపు కంటే పొడుగు తరంగాల వెలుగే, ఎందుకంటే కారణాలు మూడు. ఒకటి, దుమ్ము రేణువులు పొట్టి తరంగాలని ఆపేసినంతగా పొడుగు తరంగాలని ఆపలేవు, అందుకే దుమ్ము మేఘాల లోపల పుట్టే నక్షత్రాలు కనపడతాయి. రెండు, చల్లటి వస్తువులు వెలిగేదే ఇన్‌ఫ్రారెడ్‌లో. మూడు, విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి చాలా దూరపు గెలాక్సీల వెలుగు ఇక్కడికి వచ్చేసరికి సాగిపోయి ఇన్‌ఫ్రారెడ్‌లోకి జారిపోతుంది. ఈ మూడోదానితో చివర్లో ఒక లెక్క చేద్దాం.

రెండోదానికి ఒక చిన్న సూత్రం ఉంది, గుర్తుపెట్టుకోండి, చాలా చోట్ల పనికొస్తుంది. 2,898ని వస్తువు ఉష్ణోగ్రతతో, అదీ కెల్విన్‌లో (సెల్సియస్‌కి 273 కలిపితే వచ్చేది), భాగిస్తే అది ఏ మైక్రాన్ దగ్గర ఎక్కువగా వెలుగుతుందో వస్తుంది. సూర్యుడు 5,800 కెల్విన్, అంటే 0.5 మైక్రాన్. మన ఒళ్లు 310, అంటే 9 పైచిలుకు. గదిలో పెట్టిన టెలిస్కోప్ 300, అంటే 9.7 మైక్రాన్లు, సరిగ్గా మిరి చూసే రేంజ్‌లోనే! అంటే చల్లబరచకపోతే టెలిస్కోప్ తన వెలుగులో తానే మునిగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో మిణుగురు పురుగుని వెతికినట్టు ఉంటుంది పరిస్థితి. అందుకే వెబ్‌ని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్2 అనే చోట పెట్టి, టెన్నిస్ కోర్టు అంత ఐదు పొరల గొడుగు అడ్డం పెట్టి, అద్దాన్ని 50 కెల్విన్ లోపు ఉంచుతున్నారు. మిరికి అది కూడా చాలదు, దానికి విడిగా క్రయోకూలర్ అనే చల్లబరిచే యంత్రం పెట్టి 7 కెల్విన్ లోపుకి దించారు. పాత స్పిట్జర్ టెలిస్కోప్‌లో ఈ పని ద్రవ హీలియం చేసేది, అది 2009లో అయిపోయింది, ఆ తర్వాత 2020 దాకా స్పిట్జర్ పొట్టి తరంగాలతోనే నెట్టుకొచ్చింది. క్రయోకూలర్‌లో హీలియం బయటికి పోదు, అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, కాబట్టి వెబ్‌కి ఆ గండం లేదు.

గాల్లో ఉండే నీటి ఆవిరి ఇన్‌ఫ్రారెడ్‌ని చాలావరకు మింగేస్తుంది కాబట్టి నేల మీద నుంచి ఈ పని సాగదు. అన్నట్టు అంతరిక్షం దాకా పోకుండానే దీన్ని తప్పించుకునే దారి ఒకటి మన హైదరాబాద్‌లోనే వాడారు. ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి మీటరు అద్దం ఉన్న ఫార్ ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌ని పెద్ద బెలూన్‌కి కట్టి స్ట్రాటోస్ఫియర్‌లోకి పంపేవాళ్లు, కార్బన్ అయాన్లు, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్ పరమాణువులు, 158 మైక్రాన్ల దగ్గర ఇచ్చే వెలుగుని జపాన్ వాళ్ల స్పెక్ట్రోమీటర్‌తో కొలిచారు కూడా. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే వాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

స్టెప్ 1: టార్గెట్ ఎంచుకోవడం

అందరూ మొదట కరీనా నెబ్యులా (నెబ్యులా అంటే అంతరిక్షంలో గ్యాస్, దుమ్ము మేఘం) కొండలు, అదే ఎన్‌జీసీ 3324, దాని మీద పడతారు. వద్దు. ఆ ఫోటో ఫుల్ సైజు 14,575 బై 8,441 పిక్సెల్స్, అంటే 12 కోట్ల పైన. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు వేసుకున్నా ఒక్క పొరకే అర జీబీ, ఒక్కో ఫైల్‌లో ఇలాంటి పొరలు చాలా ఉంటాయి, అలాంటి ఫిల్టర్లు ఆరు. లాప్‌టాప్ ఏడుస్తుంది.

మొదటిసారికి సదరన్ రింగ్ నెబ్యులా బెస్ట్, కేటలాగ్ పేరు ఎన్‌జీసీ 3132, దూరం సుమారు 2,500 కాంతి సంవత్సరాలు. చచ్చిపోతున్న నక్షత్రం తన పై పొరలని బయటికి ఊదేస్తే ఏర్పడింది ఇది. 2022 జులై 12న విడుదల చేసిన మొదటి ఫోటోల్లో ఒకటి. చిన్నది, ఫ్రేమ్ మధ్యలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది, నిర్‌క్యామ్ మిరి రెండిటితోనూ తీశారు, పైగా ఫిల్టర్ మారితే సీన్ ఎంత మారుతుందో ఇందులో కనపడినంత స్పష్టంగా చాలా వాటిలో కనపడదు. దీని ప్రోగ్రామ్ నంబర్ 2733, రాసి పెట్టుకోండి.

స్టెప్ 2: డేటా దించుకోవడం

వెబ్ డేటా అంతా అమెరికాలో బాల్టిమోర్‌లో ఉన్న స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఆర్కైవ్‌లో ఉంటుంది, దాని పేరు మాస్ట్. గూగుల్‌లో మాస్ట్ పోర్టల్ జేమ్స్ వెబ్ అని కొడితే వచ్చేస్తుంది. పబ్లిక్ డేటాకి అకౌంట్ కూడా అక్కర్లేదు. మామూలుగా ఎవరైనా సైంటిస్ట్ టైమ్ అడిగి తీయించుకున్న డేటా ఏడాది దాకా వాళ్లకే ఉంటుంది, తర్వాతే జనానికి, కానీ ఈ మొదటి ఫోటోల డేటాకి ఆ లాక్ లేదు.

అడ్వాన్స్డ్ సెర్చ్‌లోకి వెళ్లి మిషన్ దగ్గర జేమ్స్ వెబ్, ప్రపోజల్ ఐడి దగ్గర 2733, కాలిబ్రేషన్ లెవెల్ దగ్గర 3 పెట్టండి. ఈ లెవెల్ విషయం ముఖ్యం. డిటెక్టర్ నుంచి వచ్చిన పచ్చి డేటా వేరు, దాన్ని క్లీన్ చేసిన మధ్య ఫైళ్లు వేరు, అన్ని షాట్లూ కలిపి ఒకే ఫోటోగా కుట్టినది లెవెల్ 3. మనకి కావాల్సింది ఈ కుట్టిన ఫైలే, పేరు చివర ఐ2డి అని ఉంటుంది, అంతకు ముందు ప్రోగ్రామ్ నంబరూ కెమెరా పేరూ ఫిల్టర్ పేరూ వరసగా ఉంటాయి. మిగతా వందల ఫైళ్ల లిస్ట్ చూసి భయపడకండి, డౌన్‌లోడ్ బాస్కెట్‌లో ఐ2డి వాటికి మాత్రమే టిక్ పెట్టండి.

స్టెప్ 3: ఫిల్టర్ పేరు చదవడం నేర్చుకోవడం

ఇది స్కిప్ చేస్తే తర్వాత అంతా గుడ్డి పని అయిపోతుంది. ఉదాహరణకి ఎఫ్187ఎన్. మధ్యలో నంబర్‌ని వందతో భాగిస్తే మైక్రాన్లు, అంటే 1.87. చివర అక్షరం ఆ ఫిల్టర్ ఎంత వెడల్పో చెప్తుంది, డబ్ల్యూ అంటే వెడల్పు, ఎమ్ అంటే మధ్యస్తం, ఎన్ అంటే సన్నం. ఎఫ్444డబ్ల్యూ ఒక మైక్రాన్ వెడల్పున వచ్చిందంతా లోపలికి రానిస్తుంది, ఎఫ్187ఎన్ మాత్రం 0.024 మైక్రాన్ల సన్న సందులోంచి చూస్తుంది. అంత సన్నగా ఎందుకు కోశారంటే కరెక్ట్‌గా అక్కడే హైడ్రోజన్ అయాన్ ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నాక వదిలే ఒక వెలుగు గీత, అంటే ఒకే ఒక్క తరంగదైర్ఘ్యంలో వచ్చే వెలుగు, ఉంది కాబట్టి. అలాగే ఎఫ్212ఎన్ అనేది 2.12 మైక్రాన్ల దగ్గర హైడ్రోజన్ అణువులు, అంటే రెండు పరమాణువులు జంటగా ఉన్నవి, వదిలే గీత కోసం. ఒకటే హైడ్రోజన్, ఒకచోట ఎలక్ట్రాన్ ఊడి విరిగిపోయి, ఒకచోట జంటగా, రెండిటికీ రెండు ఫిల్టర్లు.

సదరన్ రింగ్‌కి నిర్‌క్యామ్ ఫిల్టర్లు ఆరు వాడారు: 090డబ్ల్యూ, 187ఎన్, 212ఎన్, 356డబ్ల్యూ, 405ఎన్, 444డబ్ల్యూ. మిరివి నాలుగు: 770, 1130, 1280, 1800, అన్నీ డబ్ల్యూలే.

మొదటిసారి నిర్‌క్యామ్‌లో 090, 187, 212 ఈ మూడే దించుకోండి. కారణం ఏంటంటే నిర్‌క్యామ్ లోపల వెలుగు రెండుగా చీలుతుంది, పొట్టి తరంగాల వైపు ఒక్కో పిక్సెల్ 0.031 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు), పొడుగు తరంగాల వైపు 0.063. అంటే 444 ఫోటో 187 మీద పెట్టాలంటే రెండింతలు పెంచాలి, సరిచూసుకోవాలి, అదో తలనొప్పి. పైన చెప్పిన మూడూ పొట్టి వైపువే కాబట్టి ఒకదాని మీద ఒకటి దాదాపు అలాగే కూర్చుంటాయి.

స్టెప్ 4: తెరవడం, స్ట్రెచ్ చేయడం

ఈ ఫైళ్లు ఫిట్స్ ఫార్మాట్‌లో ఉంటాయి, మామూలు ఫోటో వ్యూయర్‌లో ఓపెన్ కావు. ఫిట్స్ లిబరేటర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసుకోండి, సిరిల్ కూడా బాగుంటుంది కానీ కొత్తవాళ్లకి లిబరేటర్ తేలిక. ఓపెన్ చేయగానే ఒకే ఫైల్‌లో చాలా పొరలు చూపిస్తుంది, సైన్స్ అనే పొర ఎంచుకోండి, మిగతావి ఎర్రర్ ఎంత, ఏ పిక్సెల్‌కి ఎంత వెయిట్ లాంటి లెక్కలు.

ఎంచుకోగానే స్క్రీన్ అంతా నల్లగా, అక్కడక్కడా చుక్కలు. ఫైల్ పాడైందేమో అని మళ్లీ డౌన్‌లోడ్ పెట్టకండి, బాగానే ఉంది! నక్షత్రానికీ పల్చటి గ్యాస్‌కీ మధ్య ప్రకాశంలో వేల రెట్ల తేడా ఉంటుంది, మన స్క్రీన్‌కి అంత రేంజ్ లేదు, అందుకని మసక భాగాన్ని పైకి లాగి వెలుగు భాగాన్ని నొక్కాలి, దాన్నే స్ట్రెచ్ అంటారు. స్ట్రెచ్ ఫంక్షన్ దగ్గర ఆర్క్ సైన్ హైపర్బోలిక్ ఎంచుకోండి, లాగ్ కూడా ఓకే. తర్వాత హిస్టోగ్రామ్‌లో, అంటే ఏ ప్రకాశంలో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చూపే గ్రాఫ్‌లో, బ్లాక్ లెవెల్ గీతని ఎడమ వైపు గుట్ట మొదలయ్యే దానికి కాస్త ముందే ఆపండి, గుట్ట లోపలికి తోసేస్తే ఆకాశం శుభ్రంగా నల్లగా వస్తుంది గానీ దాంతోపాటే బయటి పల్చటి పొరలు కూడా పోతాయి, సదరన్ రింగ్‌లో అసలు చూడాల్సింది అవే. మూడు ఫిల్టర్లకీ చేసి 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేయండి.

స్టెప్ 5: ఇక్కడ ఆగి చూడండి

రంగులు కలిపే తొందర వద్దు. మూడు టిఫ్‌లూ పక్కపక్కన పెట్టండి.

187లో లోపలి బుడగ బాగా వెలుగుతూ ఉంటుంది, బయట దాదాపు ఖాళీ. మధ్యలో ఉన్న వేడి నక్షత్రం నుంచి వచ్చే అల్ట్రావయొలెట్ దగ్గర్లో ఉన్న హైడ్రోజన్‌ని విరగ్గొడుతోంది, విరిగిన చోటే ఈ గీత వెలుగుతుంది. ఇప్పుడు 212 చూడండి. సీన్ తిరగబడుతుంది, 187లో ఖాళీగా ఉన్న బయటి భాగం అంతా ముడులు, పాయలు, ఒకదాని వెనక ఒకటిగా గుండ్రటి అంచులు. అల్ట్రావయొలెట్ అంతగా చేరని చోట హైడ్రోజన్ జంటలుగానే మిగిలి ఉంది. లోపలి నుంచి బయటికి తిన్నగా పోతున్న వెలుగు చారలు కూడా గమనించండి, బుడగ గోడలో చిల్లులున్న చోట్ల నుంచి నక్షత్రం వెలుగు తన్నుకొస్తోంది. ఆ గుండ్రటి అంచులు ఒకేసారి ఏర్పడినవి కావు, నక్షత్రం విడతలు విడతలుగా ఊదిన పొరలు అవి, పాతవి బయట, కొత్తవి లోపల. 2022 డిసెంబర్‌లో వచ్చిన పరిశోధనా పత్రంలో ఈ ఆకారాలన్నీ లెక్కేసి, మధ్యలో కనపడే రెండు నక్షత్రాలే కాదు, నాలుగైదు నక్షత్రాల గుంపు ప్రభావం ఉండి ఉండాలి అన్నారు. చచ్చిపోయిన నక్షత్రం మొదట్లో సూర్యుడికి సుమారు 2.9 రెట్ల బరువు ఉండేదని కూడా అందులోనే తేల్చారు.

ఒక జాగ్రత్త. సన్న ఫిల్టర్‌లో కనపడేదంతా హైడ్రోజన్ గీతే అనుకోకండి, ఆ సందులోంచి నక్షత్రాల మామూలు వెలుగు కూడా కొంచెం వస్తుంది. అలాగే ఒక్కో ఫోటోకి ఒక్కోలా స్ట్రెచ్ చేశాం కాబట్టి "ఇందులో ఎక్కువ వెలుగుంది" అని కంటితో తేల్చేయకూడదు. ఆకారాలు పోల్చవచ్చు, ప్రకాశం పోల్చాలంటే స్ట్రెచ్ చేయని నంబర్లే చూడాలి.

ఓపికుంటే మిరి ఫైళ్లు కూడా దించండి, నన్నడిగితే తప్పకుండా దించండి. నిర్‌క్యామ్‌లో మధ్యలో ఒక పెద్ద నక్షత్రమే దబాయించి కనపడుతుంది, చూసిన వాళ్లంతా అదే చచ్చిపోతున్న నక్షత్రం అనుకుంటారు, కాదు, అది పక్కింటిది. అసలుది దాని పక్కనే సుమారు 1.7 ఆర్క్ సెకన్ల దూరంలో ఉన్న మసకది. ఇద్దరున్నారని వెబ్ కంటే చాలా ముందే తెలుసు. మిరి కొత్తగా చెప్పింది ఏంటంటే ఆ మసకది దుమ్ము కప్పుకుని ఉందని. మిరి పిక్సెల్ 0.11 ఆర్క్ సెకన్లు కాబట్టి ఇద్దరి మధ్యా పదిహేను పిక్సెల్స్ దాకా వస్తాయి, జూమ్ చేస్తే విడివిడిగా కనపడతాయి. 770 నుంచి 1800 వైపు ఒక్కో ఫైల్ మారుస్తూ పోండి, పక్కింటి నక్షత్రం దబాయింపు తగ్గుతూ, దుమ్ము కప్పుకున్నది పుంజుకుంటూ వస్తుంది. పైన చెప్పిన సూత్రంలో వేసుకోండి, 18 మైక్రాన్లు అంటే 160 కెల్విన్ చుట్టుపక్కల ఉన్న సరుకు బాగా వెలిగే చోటు. ఆ నక్షత్రం లక్ష డిగ్రీల వేడిది, దాని దుప్పటి మాత్రం అంత చల్లగా ఉంది.

స్టెప్ 6: రంగులు

జింప్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో మూడు టిఫ్‌లూ తెరవండి. కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో కంపోజ్. ఎరుపుకి 212, ఆకుపచ్చకి 187, నీలానికి 090 ఇవ్వండి, ఓకే కొట్టండి. సైజులు ఒకటి కాదు అని మొరాయిస్తే కాన్వాస్ సైజు సమానం చేసి ఒక నక్షత్రాన్ని గుర్తుగా పెట్టుకుని జరపండి.

ఈ వరస ఎందుకంటే, పొట్టి తరంగానికి నీలం, పొడుగు తరంగానికి ఎరుపు, మధ్యలోవి మధ్యలో, ఇదే నియమం. నాసా ఫోటోలు చేసే ఇన్‌స్టిట్యూట్‌లో వాళ్లు కూడా ఇదే పాటిస్తారు, కరీనా కొండల్లో కూడా 090కి నీలం, 444కి ఎరుపు. మన కంటికి నీలం పొట్టిది, ఎరుపు పొడుగుది కదా, ఆ క్రమం చెడకుండా మొత్తాన్ని కనపడే రేంజ్‌లోకి జరుపుతున్నాం. మీ ఫోటోలో బయట ఎర్రగా వస్తే అక్కడ హైడ్రోజన్ జంటలుగా ఉందని, లోపల ఆకుపచ్చగా వస్తే విరిగిపోయి ఉందని అర్థం. కావాలంటే ఎవరైనా రంగులు తిరగేసి కూడా ఇవ్వొచ్చు, తప్పేం లేదు, కానీ ఇచ్చింది ఏంటో చెప్పి తీరాలి. ఎక్కడైనా షేర్ చేసేటప్పుడు నాసా, ఈసా, సీఎస్ఏ, ఎస్‌టీఎస్‌సీఐ అని క్రెడిట్ ఇచ్చి కింద ఫిల్టర్లూ రంగులూ రాసేయండి.

కొన్ని వింతలు కనపడతాయి, కంగారు పడొద్దు. బాగా వెలిగే నక్షత్రాల మధ్యలో నల్ల చుక్క ఉంటుంది, డిటెక్టర్ నిండిపోయి అక్కడ విలువే లేదు, జింప్‌లో పక్క రంగుతో పూడ్చుకోవచ్చు, అధికారిక ఫోటోల్లోనూ పూడుస్తారు. నక్షత్రాల చుట్టూ ఆరు పెద్ద ముళ్లు అద్దం ఆరు భుజాల పలకల వల్ల, అడ్డంగా ఉండే రెండు చిన్న ముళ్లు ముందు ఉన్న అద్దాన్ని పట్టుకునే కమ్మీ వల్ల. అడ్డంగా సన్న చారలు వస్తే అది డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్ గోల.

స్టెప్ 7: దూరపు గెలాక్సీ వేట

ఇది చేతికి అలవాటయ్యాకే. ప్రోగ్రామ్ 2736, ఎస్ఎమ్ఏసీఎస్ 0723 అనే గెలాక్సీల గుంపు, మొదట విడుదల చేసిన డీప్ ఫీల్డ్, అంటే ఒకే చోట చాలాసేపు చూసి తీసిన దూరపు ఆకాశం ఫోటో, అదే. నిర్‌క్యామ్ ఫిల్టర్లు 090, 150, 200, 277, 356, 444. వంకర గీతల్లా కనపడేవి ఆ గుంపు వెనక ఉన్న గెలాక్సీలే, గుంపు గురుత్వాకర్షణకి వాటి వెలుగు వంగి సాగింది.

లెక్క ఇలా. గెలాక్సీల మధ్య ఉన్న హైడ్రోజన్ 0.1216 మైక్రాన్ల కంటే పొట్టి వెలుగుని తినేస్తుంది, దూరపు గెలాక్సీ అయితే ఆ వెలుగు మన దాకా రాదు. ఆ కోత గీత రెడ్‌షిఫ్ట్‌కి (దారిలో వెలుగు ఎంత సాగిందో చెప్పే అంకె) ఒకటి కలిపినన్ని రెట్లు సాగుతుంది. ఈ ఫీల్డ్‌లోనే 8.5 రెడ్‌షిఫ్ట్ గెలాక్సీ ఒకటుంది, దాని వెలుగు బయలుదేరి 1,310 కోట్ల సంవత్సరాలు. 0.1216 ఇంటూ 9.5 అంటే 1.155 మైక్రాన్లు. 090 ఫిల్టర్ 1.0 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అందులో గెలాక్సీ మాయం, 150లో ప్రత్యక్షం. అంటే మీరు వెతకాల్సింది 150, 200లో ఉండి 090లో అదే చోట అసలేమీ లేని మసక చుక్కలు. రెండు ఫోటోలూ ఒకదాని మీద ఒకటి పెట్టి పై లేయర్‌ని ఆన్ ఆఫ్ చేస్తూ పోతే కొన్ని దొరుకుతాయి.

దొరికినవన్నీ దూరపువి అనుకోకండి మళ్లీ. దుమ్ము పట్టిన దగ్గరి గెలాక్సీ కూడా పొట్టి తరంగాల్లో ఇలాగే మాయమవుతుంది. సీర్స్ 93316 అనే గెలాక్సీని ఇలా ఫిల్టర్ల లెక్కతోనే 2022లో రెడ్‌షిఫ్ట్ 16 పైన అన్నారు, బిగ్ బ్యాంగ్ తర్వాత పాతిక కోట్ల సంవత్సరాలు కూడా కానప్పటిది అని పెద్ద వార్త అయింది. తర్వాత వెబ్‌లోనే ఉన్న నిర్‌స్పెక్ అనే పరికరంతో స్పెక్ట్రం (వెలుగుని తరంగాల వారీగా విడదీసిన గ్రాఫ్) తీస్తే 4.9 అని తేలింది, అంటే బిగ్ బ్యాంగ్ తర్వాత 120 కోట్ల సంవత్సరాలప్పటిది, దుమ్మూ గట్టి హైడ్రోజన్ ఆక్సిజన్ గీతలూ కలిసి ఫిల్టర్లని అలా ఏమార్చాయి. మన 8.5 గెలాక్సీని నమ్ముతున్నామంటే స్పెక్ట్రం వల్లే, పుట్టినప్పుడు 0.5007 మైక్రాన్ల దగ్గర ఆకుపచ్చగా ఉన్న ఆక్సిజన్ గీత 9.5 రెట్లు సాగి 4.76 దగ్గర కరెక్ట్‌గా దొరికింది. కాబట్టి మీకు ఒక చుక్క దొరికితే మాస్ట్‌లో అదే చోటికి నిర్‌స్పెక్ డేటా ఉందేమో వెతకండి, ఉంటే ఆక్సిజన్ గీత ఎక్కడ పడాలో ముందే లెక్కేసి అక్కడ ఉందో లేదో చూడండి, స్పెక్ట్రం లేకపోతే ఫైల్ పేరు పక్కన క్యాండిడేట్ అని మాత్రమే రాసి పెట్టుకోండి.